తారు రోడ్డుకీ బురద దారికీ కలిపి ఒకే సైకిల్ టైర్: ఎంచుకోవడం నుంచి గాలి కొట్టడం దాకా

"అన్నా, రోడ్డు మీదా పోవాల, చేలల్లోనూ పోవాల, మంచి టైర్ ఒకటి చెప్పు." అక్టోబర్‌లో వానలు మొదలైతే చాలు, వారానికి ఒకరిద్దరైనా ఇదే అడుగుతారు. పేరు చెప్పేస్తే పని అయిపోతుందని వాళ్ళ ఆశ. నేనూ ఒకప్పుడు పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. ఒకరికి ఆ టైర్ ఫోర్కులో పట్టలేదు, ఒకరికి రిమ్‌కే ఎక్కలేదు, ఇంకొకరికి అన్నీ కుదిరి మొదటి ఆదివారమే నాలుగు పంక్చర్లు. అందుకే ఈసారి చేయాల్సిన వరసలోనే మొత్తం రాస్తున్నాను.

మాట్లాడేది సైక్లోక్రాస్ (గడ్డి, బురద, ఇసుక కలిసిన దారుల్లో జరిగే సైకిల్ పోటీ) టైర్ల గురించి, అందులోనూ అన్ని దారులకూ పనికొచ్చే ఆల్‌రౌండ్ రకం గురించి. రోడ్ సైకిల్ టైర్ కంటే లావు, ఎంటీబీ (కొండదారుల మౌంటెన్ బైక్) టైర్ కంటే సన్నం. నడిమధ్యలో దగ్గరదగ్గరగా పొట్టి బటన్లు (రబ్బరు గుబ్బలు), అంచుల్లో కాస్త ఎత్తుగా, దూరంగా ఇంకొన్ని బటన్లు. దేంట్లోనూ ఫస్టు రాదు, అన్నింట్లోనూ పాసవుతుంది. మీది సైక్లోక్రాస్ సైకిలే కానక్కర్లేదు, గ్రావెల్ అయినా హైబ్రిడ్ అయినా 700సి చక్రాలుంటే చాలు (ఈ సైజు సంగతి మూడో మెట్టులో చెప్తాను), కింద రాసినవన్నీ పనికొస్తాయి.

1. ముందు మీ దారిని లెక్కేయండి

టైర్ల బొమ్మలు చూడకముందే ఒక కాగితం తీసుకుని, వారంలో మామూలుగా తిరిగే దారులు రాయండి. ఒక్కో దారిలో తారు ఎన్ని కిలోమీటర్లు, మట్టి ఎన్ని కిలోమీటర్లు అని పక్కన వేయండి. ఫోన్‌లో రైడ్ రికార్డు ఉంటే ఇంకా తేలిక. మట్టిని అందరూ ఎక్కువ వేసుకుంటారు, ఎందుకంటే గుర్తుండేది అదే కదా. నేను నిజాయితీగా లెక్కేస్తే అలిపిరి నుంచి చెర్లోపల్లి, శ్రీనివాసమంగాపురం మీదుగా చంద్రగిరి పోయి, పొలాల మధ్యన తిరుక్కుని వచ్చే దారిలో మట్టి మూడో వంతు కూడా లేదు.

తర్వాత ఆ మట్టి ఏ రకమో రాయండి. తిరుపతి, చిత్తూరు వైపు నాలుగు రకాలు తగుల్తాయి, నాలుగింటికీ టైర్ ఒకేలా పనిచేయదు.

- ఎర్ర గరుసు నేల: వాన వెలిసిన గంటా రెండు గంటల్లో నీళ్ళు ఇంకిపోతాయి. ఆల్‌రౌండ్ టైర్‌కి ఇది సొంతిల్లు.
- చెరువు లోపలి నల్ల బంకమన్ను: తడిగా ఉన్నప్పుడు ఏ టైరూ పనిచేయదు. పక్కదారి వెతుక్కోవడమే.
- స్వర్ణముఖి ఏటి ఇసుక: ఇక్కడ బటన్ల ఎత్తు వల్ల పెద్ద లాభం లేదు, వెడల్పు కావాలి, గాలి తగ్గాలి.
- గడ్డి పట్టిన చెరువు కట్టలు, గెనిమలు: తడిగడ్డి జారుతుంది. అంచు బటన్లు ఉన్నందుకు ఇక్కడ గిట్టుబాటవుతుంది.

ఇప్పుడు లెక్క. తారు ఎనభై శాతం దాటితే నడుమ దాదాపు నున్నగా, సన్న గరుకుతో ఉండి అంచుల్లో మాత్రం బటన్లున్న టైర్ చాలు. తారు సగం నుంచి ఎనభై శాతం మధ్య ఉంటే ఆల్‌రౌండ్. మట్టి సగం దాటి, అది ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగా ఉంటేనే అసలు సిసలు బురద టైర్. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ ముందు నైరుతి వానలు విడతలు విడతలుగా. మూడు నెలల బురద కోసం తొమ్మిది నెలలు తారు మీద ఎత్తు బటన్లను గొర్రుమని ఈడ్చడం ఎందుకు? ఇక 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారే, అలాంటి వానైతే టైర్ గురించి ఆలోచించొద్దు, ఇంట్లోనే ఉండండి.

2. సైకిల్‌లో ఎంత సందు ఉందో కొలవండి

జనం దాటేసే మెట్టు ఇదే, డబ్బు పోయేదీ ఇక్కడే. నాకూ పోయింది.

కొన్నేళ్ళ కిందట ఒక షాపులో 42 ఎంఎం టైర్లు వేయించాను. స్టాండ్ మీద చక్రం తిప్పితే ఎక్కడా తగల్లేదు, "సూపర్‌గా కూర్చుందన్నా" అన్నాడు షాపతను, నేనూ తలూపాను. నవంబర్‌లో మా పక్క చెరువు లోపలి బాటలో దిగాను. యాభై గజాలు పోయేసరికి బంకమన్ను టైర్‌కి పొరలు పొరలుగా చుట్టుకుని ఫోర్కు కింద గట్టిగా బిగుసుకుంది. అందులో గడ్డిపోచలు కలిశాయి, అచ్చం గోడకు పూసే మట్టిలాగా. ముందు చక్రం తిరగడం మానేసింది. కంపచెట్టు పుల్ల విరిచి గీకడం, పది అడుగులు నెట్టడం, మళ్ళీ గీకడం, చివరికి భుజానికెత్తుకున్నాను. గట్టు మీద మడికి నీళ్ళు కడుతున్న పెద్దాయన కాసేపు చూసి, "సైకిలెక్కి పోతావా సామీ, సైకిల్ని ఎక్కించుకోని పోతావా?" అన్నాడు. ఫోర్కుకీ టైర్‌కీ మధ్య ఉన్న సందు మూడు ఎంఎం. ఆ టైర్లు అమ్మేశాను.

కొలవడానికి స్కేలు కంటే అలెన్ కీలు (ఆరు పలకల బోల్టులు తిప్పే వంపు కడ్డీలు) నయం. 4 ఎంఎం కీ, 6 ఎంఎం కీ తీసుకోండి, ఇప్పుడున్న టైర్‌కి పూర్తి గాలి కొట్టి ఉంచండి, టైర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య కీని దూర్చి చూడండి. ఎండలో మాత్రమే తిరిగేవాళ్ళకు 4 ఎంఎం దూరితే సరే. బురదలో దిగేవాళ్ళకు 6 ఎంఎం కీ వదులుగా దూరాలి.

ఎక్కడెక్కడ దూర్చి చూడాలంటే:

- ముందు ఫోర్కు: పైన, రెండు పక్కలా
- వెనక చక్రం: పెడల్ ఇరుసు దగ్గర రెండు పక్కలా (ఎక్కువ సైకిళ్ళలో ఇరుకు ఇక్కడే)
- వెనక చక్రం పైన, రెండు కడ్డీలను కలిపే అడ్డ ముక్క కింద
- బ్రేక్ చేతుల కింద
- మడ్‌గార్డ్ ఉంటే దాని లోపల

అన్నింట్లోకీ ఇరుకైన చోటు కొలతే మీకు లెక్క. పక్క సందులోంచి 6 తీసేసి, మిగిలింది రెండింతలు చేసి, ఇప్పటి టైర్ వెడల్పుకు కలపండి. ఉదాహరణకు ఇప్పటి టైర్ కొలిస్తే 32 ఎంఎం, ఒక్కో పక్క సందు 9 ఎంఎం అనుకుందాం. 9 లోంచి 6 పోతే 3, రెండింతలు 6, అంటే 38 ఎంఎం దాకా పోవచ్చు. టైర్ లావైతే ఎత్తు కూడా దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి పై సందు 6 ఎంఎం తగ్గాక కూడా ఇంకో 6 మిగలాలి. మిగలకపోతే 35కి దిగండి.

ఇప్పటి టైర్ వెడల్పు దాని మీద రాసిన అంకె చూసి వేయకండి, కొలవండి. అదే టైర్ వెడల్పాటి రిమ్‌కి ఎక్కితే ఒకటి రెండు ఎంఎం లావుగా కూర్చుంటుంది, ఇరుకు రిమ్‌కి ఎక్కితే సన్నబడుతుంది.

ఇక రోడ్ సైకిళ్ళలో ఉండే చిన్న కాలిపర్ బ్రేకులుంటే ఈ టైర్ల ఆశ వదులుకోండి, వాటి చేతుల మధ్య ఇంత లావు దూరదు. డిస్క్, వి-బ్రేక్, కాంటిలివర్ అయితే ఇబ్బంది లేదు.

3. టైర్ పక్కన రాసిన అంకెలు చదవడం

పాత టైర్ మీద గుడ్డతో తుడిస్తే 37-622 లాంటి అంకె ఒకటి కనిపిస్తుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ మీద టైర్ కూర్చునే చోటి వ్యాసం, రెండూ ఎంఎంలలో. ఈ రెండో అంకె ఒక్కటే నమ్మండి. మిగతా పేర్లన్నీ తికమక పెట్టేవే.

700సి అంటే 622. 29 అంగుళాల ఎంటీబీ చక్రమూ 622 నే. 27.5 అంగుళాలంటే 584, 26 అంగుళాల ఎంటీబీ అంటే 559.

మన దగ్గర అసలు చిక్కు 28తో. పాలు పోసేవాళ్ళు, పేపర్ వేసేవాళ్ళు తొక్కే పాత నల్ల సైకిల్ టైర్ 28 x 1½, దాని వ్యాసం 635. 700సి టైర్ల మీద కూడా కొన్ని కంపెనీలు 28 x 1.40 అని వేస్తాయి, కానీ అది 622. షాపులో "ట్వెంటీ ఎయిట్ ఇవ్వు" అని అడిగితే అతను నల్ల సైకిల్ టైరే ఇస్తాడు, తప్పు అతనిది కాదు. 27 అంగుళాల పాత స్పోర్ట్స్ సైకిళ్ళది 630, అది కూడా ఎక్కదు. అడిగేటప్పుడు "622" అనండి, అర్థం కాకపోతే పాత టైర్ పట్టుకుపోయి చూపించండి.

అక్కడే ఇంకో మూడు చూడాలి: గాలి కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అనేది, తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు, టీపీఐ. టీపీఐ అంటే అంగుళానికి ఎన్ని దారాలు అని. 120 అయితే బట్ట సన్నం, టైర్ మెత్తగా గులకరాళ్ళ మీద సర్దుకుంటుంది, కానీ సైడ్ త్వరగా కోసుకుపోతుంది. 60 అయితే కొంచెం మొద్దు, గట్టిది. మన రాళ్ళకీ ముళ్ళకీ నా ఓటు 60కే.

4. వెడల్పు తేల్చుకోండి

సైక్లోక్రాస్ పోటీల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధన ప్రకారం టైర్ 33 ఎంఎం దాటకూడదు. ఆ పేరుతో అమ్మే టైర్లు చాలావరకు 33 దగ్గరే ఆగడానికి కారణం ఇదే తప్ప, 33లో మహత్యం ఏమీ లేదు. మనం పోటీకి పోవడం లేదు. సందు ఉంటే 35 నుంచి 38 తీసుకోండి, గతుకుల్లో నడుము సుఖపడుతుంది, రిమ్ రాయికి తగిలే భయం తగ్గుతుంది. సందు లేకపోతే 33 తో నిక్షేపంగా బతకొచ్చు. రిమ్ లోపలి వెడల్పు 17 నుంచి 23 ఎంఎం మధ్య ఉంటే ఈ సైజులన్నీ బాగానే కూర్చుంటాయి.

5. గ్రిప్ ఎలా చూడాలి

టైర్‌ని చేతిలోకి తీసుకుని మూడు చోట్ల చూడండి.

నడుమ: బటన్లు పొట్టిగా, దాదాపు ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉండాలి. తారు మీద తిరిగేది ఈ పట్టీనే. ఇక్కడ సందులు ఎక్కువైతే తొక్కుతుంటే గొర్రుమని శబ్దం, కాళ్ళకు బరువు, వెనక టైర్ తొందరగా అరుగుదల.

భుజం, అంటే నడుమకీ అంచుకీ మధ్య భాగం: ఇక్కడ సందులు కాస్త తెరుచుకోవాలి. బురదలో దిగాక మట్టి రాలిపోయేది ఈ సందుల్లోంచే. బటన్ల మధ్య మీ చిటికెన వేలి గోరు ఆడకపోతే ఆ టైర్ మొదటి బురదకే గుండ్రటి మట్టి ముద్దవుతుంది.

అంచు: బటన్లు ఎత్తుగా ఉండాలి, కానీ వేలితో నెడితే పక్కకు వాలిపోకూడదు. మెత్తగా ఊగే బటన్లతో తడి తారు మీద మలుపు తిరిగితే టైర్ కింద ఏదో కదిలినట్టు అనిపిస్తుంది, ఒక్క క్షణం గుండె జారుతుంది. చెరకు, మామిడి తోటల నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కే చోట్ల మట్టి పెళ్ళలు రాలి ఉంటాయి, వాన పడితే అక్కడే పడిపోతాం. అలాంటి మలుపులో ఏ టైర్ ఉన్నా సైకిల్‌ని వాల్చొద్దు.

కంపెనీల పేర్లలోనే సంగతి తెలిసిపోతుంది. విట్టోరియా టెరెనోలో డ్రై, మిక్స్, వెట్ అనే పేర్లతో రకాలు వచ్చేవి, వాటిలో మనకు కావాల్సింది మిక్స్. మాక్సిస్‌లో స్పీడ్ టెరేన్ ఎండకు, మడ్ రెజ్లర్ బురదకు, నడిమిది ఆల్ టెరేన్. ష్వాల్బేలో ఎక్స్-వన్ ఆల్‌రౌండ్, జీ-వన్ ఆల్‌రౌండ్ అని రెండూ ఉన్నాయి, రెండోది తారు వైపు మొగ్గుతుంది. ఫలానాదే కొనమని నేను అనను. మన షాపుల్లో అన్నీ అన్నివేళలా ఉండవు, ఆన్‌లైన్‌లోనో చెన్నై, బెంగళూరు నుంచో తెప్పించుకోవాల్సి రావచ్చు. అందుకే పేరు కంటే ఈ మూడు చోట్లు చూడటం నేర్చుకుంటే ఏది దొరికినా అంచనా వేయగలరు.

ముందూ వెనకా ఒకే టైర్ ఉండాలని రూలేమీ లేదు. ముందు చక్రం జారితే పడిపోతాం, వెనకది జారితే చాలాసార్లు సర్దుకుంటాం. కాబట్టి ముందుకు గ్రిప్ ఎక్కువున్నది, వెనక్కి నడుమ నున్నగా ఉన్నది వేసుకోవచ్చు. నా సైకిల్‌కి ఇప్పుడున్నది ఇదే.

6. ముళ్ళ సంగతి

విదేశీ సలహాలన్నీ బురద గురించే మాట్లాడతాయి. మన దగ్గర బురద మూడు నెలల చుట్టం, ముల్లు ఇంటి మనిషి. టైర్ కొనేటప్పుడు గ్రిప్‌తో సమానంగా చూడాల్సింది ఇదే.

మూడు రకాలు మనల్ని ఏడిపిస్తాయి. పల్లేరు కాయ అన్నిటికంటే దుర్మార్గం: ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, దారి పక్క ఎండిన గడ్డిలో కనపడదు, ఒక్కసారి దిగితే ఒకే టైర్‌లో ఐదారు. రెండోది తుమ్మముల్లు, పొడుగ్గా నేరుగా దిగుతుంది. మూడోది చేలకు కంచె వేసి మిగిలిన కంప, బండి మీద తోలుకుపోతుంటే బాట పొడుగునా రాలుతుంది.

చేయాల్సినవి:

- నడుమ పట్టీ కింద పంక్చర్ రక్షణ పొర ఉన్న టైర్ మాత్రమే తీసుకోండి. బరువు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.
- రేసింగ్ కోసమని బాగా తేలిగ్గా చేసిన టైర్ ఎంత డిస్కౌంట్‌లో వచ్చినా వద్దు.
- ట్యూబ్ వాడేవాళ్ళు ట్యూబ్ లోపల సీలెంట్ (చిన్న రంధ్రాలను తనంతట తానే పూడ్చే ద్రవం) పోయించుకోవచ్చు. దీనికి వాల్వ్ లోపలి ముక్క విప్పడానికి రావాలి, ట్యూబ్ కొనేటప్పుడే చూసుకోండి.
- రోడ్డు దిగి మళ్ళీ ఎక్కిన ప్రతిసారీ ఆగి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ గ్లౌజు వేసిన చేత్తో పైపైన తుడవండి. అప్పుడే గుచ్చుకున్న పల్లేరు చాలాసార్లు ఇంకా ట్యూబ్ దాకా దిగి ఉండదు.

ఒక ముల్లు లోతుగా దిగింది, గాలి మాత్రం నిలబడింది, ఇల్లు రెండు కిలోమీటర్లే. అప్పుడు పీకకండి. ఆ ముల్లే మూత. ఇంటికొచ్చాక తాపీగా పీకండి.

పంక్చర్ వేశాక ట్యూబ్ పెట్టేముందు టైర్ లోపల పాత చీర గుడ్డో దూదో పెట్టి చుట్టూ తిప్పండి. విరిగి మిగిలిన ముల్లు మొన ఉంటే దారం పట్టుకుంటుంది. వేలితో తడిమితే మొన దొరకదు, దొరికితే వేలికి దిగుతుంది. గంటలో రెండోసారి పంక్చరైందంటే తొంభై పాళ్ళు ఈ పని చేయలేదనే అర్థం.

ఇంకోటి, శేషాచలం అడవి బాటలు ఫొటోల్లో ఊరిస్తాయి గానీ అది రక్షిత అడవి, అనుమతి లేకుండా దిగకండి.

7. ట్యూబా, ట్యూబ్‌లెస్సా?

టైర్ మీద, రిమ్ మీద రెండింటి మీదా ట్యూబ్‌లెస్ అని ఉంటేనే ఆలోచించండి. ఒకదాని మీదే ఉంటే ట్యూబే గతి.

ముళ్ళ ఊళ్ళో ట్యూబ్‌లెస్ నిజంగా సుఖం. పల్లేరు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పితే సీలెంట్ పూడ్చేస్తుంది. గాలి తక్కువ పెట్టుకోవచ్చు. కానీ మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోయాలి. 33 నుంచి 40 ఎంఎం టైర్‌కి ఒక్కోదానికి 40 నుంచి 60 ఎంఎల్. నెలల తరబడి సైకిల్ ముట్టనివాళ్ళకు ట్యూబే మేలు.

ట్యూబ్ అయితే సైజు పెట్టె మీద చూసుకోండి, 700 x 35-43 లాగా రాసి ఉంటుంది. రిమ్ రంధ్రం సన్నగా ఉంటే ప్రెస్టా వాల్వ్, పెద్దగా ఉంటే బైక్ ట్యూబ్‌లాంటి ష్రేడర్. ప్రెస్టా అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో వేసుకోండి, లేకపోతే పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోలేరు.

8. బిగించే క్రమం

1. పాత టైర్ తీసి రిమ్ టేప్ చూడండి. ఊచల రంధ్రం అంచు కొంచెం కనిపించినా టేప్ మార్చండి.
2. టైర్ మీది బాణం గుర్తు ముందుకు తిరిగే దిక్కులో ఉందో లేదో చూడండి. అందరం ఒకసారైనా తిరగేసి ఎక్కించినవాళ్ళమే.
3. టైర్ ఒక అంచు మొత్తం రిమ్ లోపలికి ఎక్కించండి.
4. ట్యూబ్‌కి గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి, వాల్వ్ ముందు దూర్చి, మిగతాది లోపల సర్దండి. గాలి లేకుండా పెడితే మెలిక పడుతుంది.
5. రెండో అంచు వాల్వ్‌కి ఎదురుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో ఇటూ అటూ ఎక్కిస్తూ వాల్వ్ దగ్గర ముగించండి.
6. చివరి జానెడు బిగుస్తుంది. లివర్ (టైర్ ఎక్కించే, తీసే పుల్ల) చేతికి తీసుకునే ముందు, ఇప్పటిదాకా ఎక్కించిన అంచును చుట్టూ నొక్కి రిమ్ నడిమి గుంతలోకి దింపండి. వదులు వస్తుంది, బొటనవేళ్ళతోనే ఎక్కుతుంది.
7. వాల్వ్‌ని ఒకసారి లోపలికి నొక్కి వదలండి, దాని కింద ట్యూబ్ ఇరుక్కోకుండా ఉంటుంది.
8. రెండు వైపులా టైర్‌ని పక్కకు లాగి చూస్తూ చుట్టూ రండి. ట్యూబ్ ఎక్కడైనా కనిపిస్తే గాలి కొట్టొద్దు, సర్దండి.
9. సగం గాలి కొట్టి చక్రం తిప్పండి. టైర్ పక్కన రిమ్‌ని ఆనుకుని ఒక సన్న గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే ఎత్తులో కనపడాలి. ఒకచోట లోపలికి దిగితే గాలి తీసి, అక్కడ సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ కొట్టండి.

అయ్యాక 6 ఎంఎం అలెన్ కీ తీసుకుని మళ్ళీ ఒకసారి అన్నిచోట్లా దూర్చి చూడండి. ట్యాగ్ తీయకుండా ఇది చేస్తే టైర్ వెనక్కి ఇవ్వడానికి ఇంకా వీలుంటుంది.

9. గాలి, అసలు సగం పని ఇదే

మంచి టైర్ కొని దాంట్లో డెబ్బై పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి, "జారతా ఉంది, గ్రిప్ లేదు" అనేవాళ్ళు చాలామంది. బొటనవేలితో నొక్కి చూడటం మానేయండి, టైర్ మందాన్ని బట్టి వేలు అబద్ధం చెబుతుంది. గేజ్ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. రెండో టైర్ కొనే డబ్బుంటే ముందు పంపు కొనండి.

డెబ్బై కిలోల మనిషికి, 35 ఎంఎం టైర్, ట్యూబ్‌తో, నేను మొదలుపెట్టమని చెప్పే అంకెలు:

- దాదాపు అంతా తారు: వెనక 52, ముందు 48
- తారు, మట్టి కలిసిన దారి: వెనక 44, ముందు 40
- బురద, తడిగడ్డి: వెనక 36, ముందు 32
- ఇసుక: వెనక 32, ముందు 28

పది కిలోలు ఎక్కువుంటే నాలుగైదు పీఎస్ఐ పెంచండి, తక్కువుంటే అంతే తగ్గించండి. 38, 40 ఎంఎం టైర్‌కి ఐదారు తగ్గించండి. ట్యూబ్‌లెస్‌కి ఇంకో నాలుగైదు. ఎంత తగ్గించినా టైర్ మీద రాసిన కనీసానికి కిందికి, ఎంత పెంచినా గరిష్ఠానికి పైకి పోకూడదు. రిమ్ మీద వేరే గరిష్ఠం ఉంటే రెండింట్లో చిన్నదే లెక్క.

ఇవి మొదలు అంకెలే. మీ అంకె దొరకాలంటే మీకు బాగా తెలిసిన గతుకుల బాట ఒకటి ఎంచుకుని, దాని మీద ఒకే వేగంతో మూడు నాలుగుసార్లు పోండి, ప్రతిసారీ రెండు పీఎస్ఐ తగ్గిస్తూ. చేతులకు తగిలే అదురు తగ్గుతూ వస్తుంది. ఒకచోట రాయి ఎక్కగానే రిమ్ 'టక్'మంటుంది. అక్కడ ఆగి మూడు పీఎస్ఐ పెంచి, ఆ అంకెను గోడ మీదో ఫోన్‌లోనో రాసుకోండి.

ట్యూబ్‌లో పక్కపక్కన రెండు చీలికలు పాము కాటులాగా కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి తక్కువై రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగింది. గాలి పెంచాలి. ప్యాచ్ ఎంత బాగా వేసినా గాలి పెంచకపోతే మళ్ళీ అదే.

తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు కొట్టిన గాలి మధ్యాహ్నం ఎండలో సైకిల్ నిలబెడితే రెండు మూడు పీఎస్ఐ పెరుగుతుంది. గరిష్ఠం దాకా కొట్టి మేలో ఎండలో పెట్టొద్దు, అంతే.

10. ఎక్కువగా వచ్చే తేడాలు, సర్దుబాట్లు

తారు మీద బరువుగా ఉంది: ముందు గాలి చూడండి. అది సరిగ్గానే ఉంటే వెనక టైర్ నడుమ బటన్లు దూరంగా ఉన్నట్టు. వెనకది మాత్రం మార్చండి, రెండూ అక్కర్లేదు.

బురదలో ఎక్కుడు దగ్గర వెనక చక్రం ఊరికే తిరుగుతోంది: నిలబడి తొక్కకండి, సీటు మీద కూర్చుని, గేరు దించి, నింపాదిగా తొక్కండి. సగం సార్లు టైర్ తప్పేమీ ఉండదు.

మలుపులో ముందు చక్రం పక్కకు పోతోంది: ముందు గాలి మూడు పీఎస్ఐ తగ్గించండి. అప్పటికీ పోతుంటే అంచు బటన్ల మూలలు గుండ్రంగా అరిగాయేమో చూడండి.

బంకమన్ను పట్టేసింది: నీళ్ళలో దింపి కడగండి, లేదా పుల్లతో ముందు ఫోర్కు దగ్గర, తర్వాత పెడల్ ఇరుసు దగ్గర గీకండి. ఇరుక్కున్నప్పుడు బలంగా తొక్కకండి, మట్టిలో ఉన్న చిన్న రాయి ఫ్రేమ్ రంగును గీరేస్తుంది, వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) గడ్డికి చిక్కి విరగొచ్చు కూడా.

సైడ్ కోసుకుపోయింది, ట్యూబ్ బయటికి ఉబ్బుతోంది: లోపల పాత టైర్ ముక్క పెట్టండి. అది లేకపోతే పాల ప్యాకెట్ కవర్ నాలుగు మడతలు. ఇంటికి చేరుస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

11. ఆ తర్వాత చూసుకోవాల్సినవి

బురద రైడ్ నుంచి వచ్చాక అదే రోజు మామూలు నీళ్ళతో కడగండి. కార్ వాష్ వాళ్ళ ప్రెషర్ గన్ ఇరుసుల మీద, బేరింగుల మీద పెట్టనివ్వొద్దు. ఆరాక సైడ్‌లు, బటన్ల మధ్య సందులు చూసి ఇరుక్కున్న గులకరాళ్ళు, గాజు పెంకులు చిన్న స్క్రూడ్రైవర్‌తో తీసేయండి.

సైకిల్ ఎండలో నిలపకండి, మేడ మీద అసలే వద్దు. రబ్బరు సైడ్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చాయంటే బటన్లు ఎంత బాగున్నా ఆ టైర్ ముందు చక్రానికి పనికిరాదు.

వెనక టైర్ ముందుదాని కంటే తొందరగా అరుగుతుంది. అప్పుడు కొత్తది కొని వెనక వేయించడం అందరూ చేసే పొరపాటు. ముందుది తీసి వెనక్కి వేసి, కొత్తది ముందుకు ఎక్కించండి. తీసేసిన పాత టైర్‌ని పారేయకుండా సైడ్ భాగంలోంచి రెండంగుళాల ముక్క కత్తిరించి, అంచులు సన్నగా చెక్కి, అడాప్టర్ పెట్టుకున్న సంచిలోనే వేసుకోండి.